రన్‌వే ఖాళీ కాలేదు

నేను ఆ గదిలో అడుగుపెట్టేసరికి విమానాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

గోడ పొడవునా మూడు పెద్ద తెరలు. వాటి ముందు, నిజం విమానంలో ఉన్నట్టే, రెండు కుర్చీలు, మీటల బల్ల. ఎడమ కుర్చీ ఖాళీ. రాత్రంతా అందులో కూర్చుని ఉన్న మనిషిని కాసేపటి క్రితమే బయటికి మోసుకెళ్లారు. ఆయన విమానం మాత్రం తెరల మీద అలాగే ఉంది. ముందు అద్దంలోంచి చూస్తున్నట్టు రన్‌వే, నడుమ తెల్లగీత, చివర పొద్దుటి ఎండ. మధ్య తెర అంచున ముడుచుకుని ఏదో చిన్న పట్టీ. విమానం ఆ గీత మీదే నిలబడిపోయింది. కాసేపటికోసారి వెనకనుంచి ఒక నీడ వచ్చి కప్పేది. ఆ తర్వాత నెత్తిమీదుగా ఇంకో విమానం పొట్ట కనిపించేది. దిగడానికి వచ్చి, దిగేందుకు చోటు లేక, మళ్లీ పైకి లేచిపోయేది.

పక్కనున్న చిన్న తెరలో అవన్నీ చుక్కలు. వరసగా వస్తున్నాయి, రన్‌వే దాకా వచ్చి విడిపోతున్నాయి, చుట్టు తిరిగి మళ్లీ వరస చివర చేరుతున్నాయి.

ఇంట్లో కూర్చుని విమానం నడిపే సిమ్యులేటర్ అది. ఆ చుక్కల్లో మనుషులు లేరు. వాటిని కంప్యూటరే పుట్టిస్తుంది, కంప్యూటరే నడుపుతుంది. వాటికి దారి చెప్పే టవర్ గొంతు కూడా విడిగా తెచ్చి తగిలించుకున్న ప్రోగ్రాందే. అలసట ఎరగని ఆడగొంతు. రన్‌వే ఖాళీగా లేదు, పైకి వెళ్లండి అని ఒకదాని తర్వాత ఒకదానికి చెబుతోంది. నిన్న సాయంత్రం నుంచీ చెబుతూనే ఉంది. ఆ విమానాల్లో ఇంధనం అయిపోదు. ఏడ్చే పిల్లలుండరు.

"డాక్టరుగారూ, మనసుల్లోకి తర్వాత దూరుదురుగాని, ముందు చేతులకు తొడుగులు వేసుకోండి."

ఇన్‌స్పెక్టర్ అలా పిలవడం నాకు అలవాటే. ఒకప్పుడు మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పి మానేశానని ఆయనకు తెలుసు. చదువు వదిలేసి అపరాధ పరిశోధనలో పడ్డవాడంటే ఆయనకు కాస్త జాలి, కాస్త వెటకారం. ఈ ఉదయం ఆ రెంటితో పాటు విసుగు కూడా ఉంది. పోలీసులకు కబురందక ముందే చనిపోయినాయన కూతురు నాకు ఫోన్ చేయడం ఆయనకు నచ్చలేదు.

ఇన్‌స్పెక్టర్ దగ్గర కేసు సిద్ధంగా ఉంది. పొడిపొడిగా చెప్పాడు. చనిపోయింది విమానాశ్రయంలో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. అందరూ టవర్ మాస్టారు అంటారు. కుర్చీ మీది దిండుతో మొహం అదిమి చంపారు. ముక్కులో దారపు పోగులు దొరక్కపోతే గుండె ఆగిపోయిందనే అనుకునేవారు. నిన్న సాయంత్రం ఐదుకూ ఏడున్నరకూ మధ్య ప్రాణం పోయి ఉండాలని పోలీసు డాక్టర్ మొదటి అంచనా. ఆయన రోజూ నడిపే విమానం పావుతక్కువ ఏడుకు దిగుతుంది. నిన్న కూడా దిగింది, అదిగో తెర మీద నిలబడి ఉంది. అంటే అప్పటిదాకా బతికే ఉన్నాడు. ఆ సమయంలో ఇంట్లో ఉన్నది కూతురు ఒక్కతే. తండ్రితో రెండు నెలలుగా మాటల్లేవు. ఏడుకు కాస్త ముందు తల దించుకుని వెళ్లిపోతుంటే పక్కింటావిడ చూసింది.

"కూతుర్ని మధ్యాహ్నంలోగా తీసుకెళ్తాను. ఈలోపు మీరు ఆవిడ మనసు చదువుతానంటే చదువుకోండి."

నేను తల ఎత్తాను. తలుపు పైన గోడకు ఒక ఎర్ర బల్బు ఉంది. బయటి వైపు నుంచి కూడా కనిపించేలా పెట్టారు. పగటి వెలుతురులో అది వెలుగుతోందని వెంటనే తెలియలేదు.

పక్కింటి పిన్నిగారు వరండాలో కూర్చుని ఉంది. బట్టలు కుట్టే మనిషి. మెడలో టేపు అలాగే ఉంది. రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే. ఆమె మిషను చప్పుడు ఆయనకూ, ఆయన విమానాల హోరు ఆమెకూ వినిపిస్తూ ఏళ్లు గడిచాయట. నిన్న సాయంత్రం ఎప్పటిలాగే టవర్‌తో మాట్లాడటం విన్నానంది. విమానం దిగిన చప్పుడు విన్నానంది. ఆ తర్వాత రాత్రంతా హోరు ఆగకపోతే నిద్రపోయాడేమో అనుకుంది. పొద్దున్న తలుపు తోసి చూసింది.

"అన్నయ్యగారు అలా వదిలేసే మనిషి కాదండీ," అంది.

ఎలా, అని అడిగాను.

ఎవరి బండయినా గేటు ముందు ఆగితే ఆయన లోపల్నుంచే కేకేసేవాడట. గుమ్మంలో నిలబడి మాట్లాడేవాళ్లను సహించేవాడు కాదట. "మా ఇంటికొచ్చినా సరే, లోపల అడుగుపెట్టీ పెట్టగానే పక్కకు జరిగిపోయేవారు. ఇంకెవరూ వెనకాల లేకపోయినా. ఏంటన్నయ్యగారూ ఇది అంటే, దిగినవాడు ముందు తప్పుకోవాలమ్మా, వెనక వచ్చేవాడికి ఆకాశంలో నిలబడే చోటుండదు అనేవారు." ఆమె నవ్వబోయి ఆగింది. "సినిమాహాల్లో కూడా అదే గొడవ."

పక్క కుర్చీలో ఎప్పుడైనా ఎవరినైనా కూర్చోబెట్టుకునేవారా అని కూడా అడిగాను. లేదంది. ఒంటరిగా ఉంటారు కదా, ఆ ప్రోగ్రాముల్లో మాటసాయానికి ఎవరో ఉంటారట కదా అని ఆమే ఒకసారి అడిగితే, పక్క సీటులో నా టిఫిన్ డబ్బా తప్ప ఎవరూ కూర్చోరు అన్నాడట. నేను లోపల చూసింది నిజమే. కుడివైపు కుర్చీలో స్టీలు డబ్బా, మడత పెట్టిన శాలువా ఉన్నాయి.

కూతురు ముందు గదిలో, ఆ ఎర్ర బల్బుకు సరిగ్గా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని ఉంది. నిన్న కూడా అక్కడే కూర్చుందట. పక్కనే ఆమె భర్త. మంచినీళ్ల గ్లాసు తనే పట్టుకుని, ఆమె చెయ్యి చాచినప్పుడు అందిస్తున్నాడు. మర్యాదస్థుడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడా సమంగా తీస్తాడు.

నిన్నటి సాయంత్రం గురించి ఆమె చెప్పింది. నేను మధ్యలో ఆపలేదు.

ఆరు దాటాక వచ్చింది. తన దగ్గరున్న తాళంతో తలుపు తీసుకుంది. ఎర్ర బల్బు వెలుగుతోంది. ఆ ఇంట్లో ఆ బల్బు వెలిగితే లోపలికి వెళ్లకూడదు. ఆమె చిన్నప్పటి నుంచీ ఉన్న నియమం అది. అప్పుడాయన డ్యూటీ నుంచి వచ్చి పడుకునేవాడు, నిద్ర చెడితే రేపు ఎవరి ప్రాణం పోతుందో అని తల్లి ఆ బల్బు పెట్టించింది. తల్లి పోయింది, ఉద్యోగం అయిపోయింది, బల్బు మాత్రం మిగిలింది. విమానం దిగేముందు ఆయన దాన్ని వెలిగించుకునేవాడు. దిగి, పక్కకు తప్పుకుని, ఇంజన్లు ఆపాక ఆర్పేసేవాడు.

బల్బు ఆరడం కోసం ఆమె కూర్చుంది. తలుపు అవతల తండ్రి గొంతు వినిపిస్తూనే ఉంది. టవర్ ఏదో చెప్పడం, ఆయన దాన్ని తిరిగి చెప్పడం. అన్నీ అంకెలే.

"నాకర్థమయ్యేవి కావు. అయినా వింటూ కూర్చోవడం బాగుంది. రెండు నెలల తర్వాత ఆ గొంతు వినడం."

చివరికి విమానం దిగిన చప్పుడయింది. ఆ తర్వాత ఆయన ఒక మాట అన్నాడు. అది టవర్‌తో అన్నట్టు లేదు, మెల్లగా అన్నాడు.

"ఏమన్నారు?"

"ఇక విమానం మీ చేతిలో ఉంది, అన్నారు."

అది చెబుతున్నప్పుడు ఆమె మొహం చూశాను. ఒక వస్తువును ఎవరైనా లాక్కుంటారేమోనని పిడికిట్లో దాచుకున్న మనిషి మొహం.

"నేను వచ్చానని నాన్నకు తెలుసనుకున్నాను. తాళం చప్పుడు విని ఉంటారు. అది నాకోసం అన్నమాటే అనుకున్నాను. ఇక బల్బు ఆర్పేస్తారు, తలుపు తీస్తారు అని చూశాను. ఆర్పలేదు." గ్లాసు కోసం చెయ్యి చాచింది, తీసుకుని తాగలేదు. "నేను ఉన్నానని తెలిసీ ఆర్పలేదు. నాతో మాట్లాడటం ఇష్టం లేదేమో అనుకున్నాను. లేచి వచ్చేశాను."

రెండు నెలల మౌనానికి కారణం భర్త చెప్పాడు, ఆమెను చెప్పనివ్వకుండా. కొత్త కంట్రోలర్లకు శిక్షణ ఇచ్చే స్కూలు కోసం అతను ఒక ప్రోగ్రాం తయారు చేశాడు. ఇలాంటి సిమ్యులేటర్లకు తగిలించే టవర్, విమానాల రద్దీ, వాటి మాటలు అన్నీ. మామగారు దానికి సలహాదారు. ఆయన సరేనంటేనే స్కూలు తీసుకుంటుంది. చివర్లో ఆయన అడ్డం తిరిగాడు. ఆ రద్దీలో రెండు విమానాలు ఎదురుపడితే ఒకదాంట్లోంచి ఒకటి దూరి వెళ్లిపోతాయి, ఏమీ కాదు. అది చూసి నేర్చుకున్న పిల్లలు రేపు నిజం టవర్‌లో కూర్చుంటే ఏమవుతుంది, అన్నాడు. సరిచేస్తామన్నా వినలేదు. భార్య తన పక్షం మాట్లాడింది, మామగారు అలిగాడు.

"పెద్దాయన పట్టుదల అది. నిన్న ఆయనే మెత్తబడ్డారు. ఆరున్నరకు స్కూల్లో మీటింగులో ఉంటే నా ఫోన్‌కు చేశారు. స్పీకర్ పెట్టాను. అందరి ముందూ సరేనన్నారు. ఇన్‌స్పెక్టర్‌గారికి ముందే చెప్పాను." గ్లాసు భార్య వైపు కాస్త జరిపాడు. "ఆ మాట ఈమె కూడా వినుంటే బాగుండేది."

ఐదింటికి మీరెక్కడున్నారని అడిగాను. స్కూలుకు వెళ్తూ దారిలో, అన్నాడు. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి దగ్గాడు. ఐదింటి సంగతి ఆయన ఎవరినీ అడిగి ఉండడు. ఆరున్నరకు మాట్లాడిన మనిషి ఐదింటికి చావడు కదా.

మేమిద్దరం సిమ్యులేటర్ గదిలోకి తిరిగొచ్చాం. తలుపు దగ్గరగా వేశాను.

"ఆ విమానాన్ని చూడండి," అన్నాను. "ఎక్కడుంది?"

"రన్‌వే మీద. దిగిందని నేను చెప్పిందీ అదే."

"దిగింది. తప్పుకోలేదు. గుమ్మంలో నిమిషం నిలబడలేని మనిషి, సినిమాహాల్లో జనాన్ని పక్కకు జరపబోయిన మనిషి, రన్‌వే మధ్యలో విమానం ఆపుకుని కూర్చున్నాడంటారా? ఉద్యోగమంతా ఆయన చేసిన పని అదొక్కటే. దిగినవాణ్ని తప్పుకోమనడం."

"ఆపిన క్షణానే వెనకనుంచి ఆవిడ వచ్చింది. తప్పుకునే వ్యవధి ఏది?" ఇన్‌స్పెక్టర్ నా వైపు జాలిగా చూశాడు. "డాక్టరుగారూ, అలవాట్లను కోర్టులో సాక్షిగా నిలబెట్టలేం."

ఆ మాటలో న్యాయముంది. చక్రాలు ఆగిన ఆ ఒక్క క్షణంలో ఎవరైనా రావచ్చు. నేను తెర వైపు చూస్తూ ఉండిపోయాను. పైకి లేచిన విమానమొకటి పక్కకు ఒరిగి మలుపు తిరుగుతోంది. అదే చోటికి ఇంకొకటి అడ్డంగా వచ్చింది. రెక్క రెక్కలోంచి దూరింది. రెండూ ఏమీ ఎరగనట్టు తమ దారిన తాము పోయాయి. మామా అల్లుళ్ల మధ్య వచ్చిన తగువు అదేనని గుర్తొచ్చి, వెంటనే ఇంకో సంగతి తోచింది. ఆయనకు నచ్చని ఈ రద్దీనే ఆయన తన ఇంట్లో ఎందుకు పెట్టుకున్నాడు? బహుశా తప్పులు పట్టడానికి. అయితే అల్లుడి ప్రోగ్రాం మొత్తం, అందులో ఉన్నవాళ్లందరితో సహా, ఈ గదిలోనే ఉంది.

"ఇక విమానం మీ చేతిలో ఉంది," అన్నాను.

"ఏంటి?"

"ఆమె విన్న చివరి మాట. ఎవరితో అన్నాడాయన? టవర్‌తో ఎవరూ అలా అనరు. కూతురు బయట ఉందని ఆయనకు తెలుసనుకుందాం. ఆమెను 'మీరు' అంటాడా?"

ఇన్‌స్పెక్టర్ మొదటిసారి ఆ కుడి కుర్చీ వైపు చూశాడు.

"విమానంలో ఇద్దరుంటారు. ఒకరు నడుపుతూ నడుపుతూ రెండోవాడికి అప్పగించేటప్పుడు అనే మాట అది. పక్కన కూర్చున్నవాడు కెప్టెన్‌తో అనే మాట. ఈ గదిలో కెప్టెన్ ఎవరు?"

"ఆయనే."

"అయితే ఆ అన్నవాడెవరు?"

మధ్య తెర అంచున ఒక చిన్న పట్టీ ముడుచుకుని ఉంది. పొద్దున నేను గమనించినది, ఏమిటో తెలియక వదిలేసినది. దాన్ని తెరవాలన్నాను. సాక్ష్యాన్ని ముట్టుకోవద్దన్నాడు. అయితే మీరే ముట్టుకోండి అన్నాను. మీరు చేస్తే విచారణ, నేను చేస్తే నేరం, అంతే కదా తేడా. ఆయన పళ్లు బిగించి మౌస్ కదిలించాడు.

పట్టీ తెరుచుకుంది. అందులో కో-పైలట్ అని ఉంది. దాని కింద రెండు వరసలు: రేడియో జవాబులు, విమానం నడపడం. రెంటికీ ఎదురుగా పని పూర్తయింది, కెప్టెన్‌కు అప్పగించబడింది అని ఉంది. అడుగున ఒక మీట. కో-పైలట్‌కు అప్పగించు.

"మాస్టారి పక్క సీటులో టిఫిన్ డబ్బా తప్ప ఎవరూ కూర్చోరు," అన్నాను. "నొక్కండి."

ఆయన నొక్కాడు.

ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత స్పీకర్లోంచి ఒక వృద్ధుడి గొంతు, స్థిరంగా, కాస్త ముక్కుతో కలిసి, చాలా దగ్గరగా వినిపించింది.

"విమానం నా చేతిలో ఉంది, కెప్టెన్."

వెంటనే టవర్ ఆ విమానం పేరు పిలిచింది. రన్‌వే ఖాళీ చేయమంది. ఆ గొంతు ఓపిగ్గా ఆ మాటలన్నీ తిరిగి చెప్పింది. చెప్పిందే గాని విమానం కదలలేదు. గాల్లో ఉన్నంతసేపే దానికి పని తెలుసు. నేల మీద తప్పుకోవడం దానికెవరూ నేర్పలేదు.

ఇన్‌స్పెక్టర్ మొహంలో రంగు మారింది. ఆయన చాలా శవాలను చూసిన మనిషి. కానీ ఆ శవాలేవీ ఇలా మాట్లాడి ఉండవు.

తలుపు దబ్బున తెరుచుకుంది. కూతురు గుమ్మంలో ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. కళ్లు ముందు ఎడమ కుర్చీ మీదికి వెళ్లాయి, అక్కడినుంచి స్పీకర్ల మీదికి. తండ్రి శవాన్ని తన కళ్లతో చూసి గంట కాలేదు. అయినా పరుగెత్తుకుంటూ వచ్చింది. మనిషిలో ఒక భాగం ఎప్పుడూ నమ్మదు, నమ్మకపోవడానికి సాకు దొరికితే చాలు.

ఆమె భుజం మీదుగా ముందు గది కనిపిస్తోంది. పిన్నిగారు గోడ పట్టుకుని నిలబడింది. వరండాలో కాపలా కానిస్టేబులు కూడా తల లోపలికి పెట్టి చూస్తున్నాడు. ఆ ఇంట్లో చచ్చిపోయిన మనిషి మాట్లాడితే తల తిప్పనివాడు ఒక్కడే. అల్లుడు కూర్చున్నచోటే ఉన్నాడు. చేతిలో గ్లాసు అలాగే ఉంది.

ఇక చెప్పక తప్పదు. ఈమెను విడిపించాలంటే ఈమె పిడికిట్లో ఉన్నది నేనే తీసుకోవాలి. ఇన్‌స్పెక్టర్ చేత చెప్పించవచ్చు. కానీ ఫోన్ చేసింది నాకు.

"నిన్న మీరు విన్న గొంతు ఇదేనమ్మా."

"నాన్నది."

"నాన్నగారి గొంతుతో తయారు చేసింది. విమానం నడిపిందీ, టవర్‌కు జవాబులు చెప్పిందీ, చివరికి ఆ మాట అన్నదీ ఇదే. మీరు వచ్చి ఆ కుర్చీలో కూర్చునేటప్పటికే ఆయన లేరు."

టవర్ మళ్లీ పిలిచింది. ఆ గొంతు మళ్లీ సరేనంది. ఇన్‌స్పెక్టర్ చప్పున చెయ్యి చాచి ధ్వని తగ్గించాడు. నేను చెప్పకుండానే చేశాడు ఆ పని.

ఆమె పెదవులు కదిలాయి. ఆ గంటనంతా మొదటినుంచీ మళ్లీ కూర్చుని చూసుకుంటోందని తెలుస్తోంది. బల్బు, తలుపు, అంకెలు.

"అయితే నేను ఎవరి దగ్గర కూర్చున్నాను?" అంది చివరికి.

ఆమె అడగని దానికి జవాబు చెప్పాను. "బల్బు ఆర్పకపోవడం మీమీద కోపంతో కాదు. మీరొచ్చారని ఆయనకు తెలియదు. తెలిస్తే ఆర్పేవారో కాదో నేను చెప్పలేను. కానీ మిమ్మల్ని బయట కూర్చోబెట్టింది ఆయన కాదు."

ఆ మాట ఆమెలో ఎక్కడికో వెళ్లి ఆగింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల ఎత్తి, నన్ను కాదు, ఆ తెర అంచున ఉన్న పట్టీని చూసింది.

"నాన్న మా ఇంట్లో చదివారు ఇవన్నీ," అంది మెల్లగా. "ఒక సాయంత్రమంతా. అంకెలు, అక్షరాలు, మామూలు మాటలు. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశాం. నేను విసురుతూ పక్కన కూర్చున్నాను. గొడవయ్యాక నాన్న ఒక్కటే అడిగారు, నా గొంతు తీసేయమను అని." ఆమె వెనక్కి తిరిగింది. ముందు గదిలోకి, ఆ కుర్చీ వైపు. "చెరిపేశానన్నారు కదండీ మీరు. నా ఎదురుగా చెరిపేశారు."

అల్లుడు లేచి నిలబడ్డాడు. మెల్లగా, తొందర లేకుండా. అవి ఎన్నో చోట్ల ఉంటాయని, ఒకచోట చెరిపితే ఇంకోచోట మిగులుతాయని, మామగారే తెచ్చుకుని పెట్టుకుని ఉంటారని చెప్పాడు. ఒంటరివాడు, తోడు కావాలనిపించి ఉంటుంది. చెప్పే తీరు ఎంత సవ్యంగా ఉందంటే, గదిలో ఇంకెవరైనా ఉంటే నమ్మేవారు. "అయినా సార్, ఆయన ఆరున్నరకు నాతో మాట్లాడారు. స్కూలువాళ్లందరూ విన్నారు. ఆయన బతికే ఉన్నారనడానికి ఇంకేం కావాలి?"

ఇన్‌స్పెక్టర్ నా వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ, తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నవాడిలా, కూతుర్ని అడిగాడు. ఆయన గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

"అమ్మా, ఆరున్నరకు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. ఆ కుర్చీలో."

"మీ నాన్నగారు ఫోన్‌లో మాట్లాడటం విన్నారా?"

"లేదు." ఆమె మళ్లీ ఆ కుర్చీ వైపు చూసింది. "టవర్‌తో మాట్లాడుతున్నారు. ఆగకుండా. ఇంకెవరితోనూ మాట్లాడలేదు."

ఒకే గొంతు, ఒకే నిమిషంలో, ఈ తలుపు అవతలా ఉంది, ఊరి అవతల ఒక మీటింగు బల్ల మీదా ఉంది. రెంటిలో ఏదో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం. రెండూ అబద్ధమని, రెండూ ఆ తయారుచేసిన గొంతేనని ఇన్‌స్పెక్టర్‌కూ నాకూ తెలుసు. కూతురికి అప్పుడే తెలుస్తోంది.

భర్త భార్య దగ్గరికి వచ్చాడు. ఆమె మోచెయ్యి పట్టుకోబోయి, పట్టుకోకుండా ఆగిపోయాడు. అంతవరకూ సమంగా ఉన్న ఊపిరి తప్పింది. కోపం కాదు, భయం కూడా కాదు. ఎంతో శ్రద్ధగా సర్దిపెట్టుకున్న బల్ల మీద ఒక్క వస్తువును ఎవరో జరిపారే అన్న బాధ. దాన్ని దాచుకోవాలని కూడా ఆ క్షణం అతనికి గుర్తులేదు.

"ఏడు దాటాక కదా నిన్ను వెళ్లమన్నది," అన్నాడు.

ఆమె అతన్నే చూస్తోంది. నిన్న మధ్యాహ్నం వెళ్లి నాన్నతో సర్దుకో అని చెప్పిన మొహాన్ని ఈ మొహంలో వెతుకుతున్నట్టు. ఏడు దాటినా బల్బు ఆరకపోతే తలుపు తీసి చూడాల్సింది తనే. కుర్చీలో ఒరిగిన తండ్రిని చూసి, గుండె ఆగిందని కేకలు పెట్టి ఏడవాల్సిందీ తనే. అందుకే పంపాడు.

"ఆగలేకపోయానండీ," అంది. "రెండు నెలలైంది కదా."

నెత్తిమీద ఇంకో నీడ వచ్చి, దిగబోయి, మళ్లీ పైకి లేచింది. ఇన్‌స్పెక్టర్ నడిచి వెళ్లి, వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.